గడువు తీరిన ఒడంబడిక

కిందటి వారం మనం అప్పలసూరిని కళింగపట్నంలో పాత ఉప్పు కొటారు ముందు వదిలాం. ఆ కొటారు తలుపుకి పదేళ్ళుగా రెండు తాళాలు. ఒక తాళంచెవి వంశధార ఏటికి ఇవతల ఉన్న ఈదులవలసది, రెండోది అవతల ఉన్న తాళ్ళమెట్టది. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకునేది.

ఏటి మధ్యనున్న నడిలంకలో కోతల దగ్గర తగాదా వచ్చి, యాభై ఎనిమిదిలో రెండు ఊళ్ళవాళ్ళూ చెరో ఇద్దరిని పోగొట్టుకున్నారు. ఆ శవాలు కాలిన పదిహేను రోజులకి, బడిపంతులు లక్ష్మీనరసింహంగారు కూర్చుని ఒడంబడిక రాశారు. ఎవరి బల్లేలు వాళ్ళు తెచ్చి కొటారులో పడెయ్యాలి. బల్లేలైనా తుపాకులైనా కొత్తవి చేయించకూడదు, కొనకూడదు. రెండు నెలలకోసారి ఇటు మనిషి అటు, అటు మనిషి ఇటు తనిఖీకి వెళ్ళి, ఏ ఇల్లు చూస్తానంటే ఆ ఇల్లు చూడొచ్చు. ఇటునుంచి వెళ్ళే మనిషి అప్పలసూరి. అటునుంచి వచ్చేవాడు జగన్నాధం. అలా వస్తూ పోతూనే అప్పలసూరి చెల్లెలు దాలమ్మని చేసుకుని బావ అయ్యాడు.

పదేళ్ళ గడువు ఈ కార్తీకంతో తీరింది. తిరగరాయడానికి తాళ్ళమెట్ట ఒప్పుకోలేదు. "ఈదులవలస నాయుడుగోరి లైసెన్సు తుపాకులు రెండూ గోడకే ఉండొచ్చా? మావోడు ఒక్కటి కొంటే మాత్రం ఒడంబడిక తప్పినట్టా?" అన్నారు. మొన్న జూలైలో పెద్ద దేశాలన్నీ అణుబాంబుల మీద కాగితం రాసుకున్నాయనీ, ఉన్నవాళ్ళు ఉంచుకోవచ్చు, లేనివాళ్ళు చేసుకోకూడదు అని అందులో ఉందనీ, మన దేశం సంతకం పెట్టనందనీ పంతులుగారే పేపరు చదివి చెప్పారు. "మన దేశం ఎట్టనప్పుడు మమ్మల్ని ఎట్టమంటారేటి పంతులుగోరూ?" అని జగన్నాధం అడిగితే ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు.

సోమవారం పొద్దున్న రెండు తాళాలూ తీశారు. అరవైమూడు బల్లేలు ఇటు బళ్ళమీద, అరవైమూడు అటు బళ్ళమీద ఎక్కాయి. కొటారులో బల్లేలు ఆనించిన గోడకి తుప్పు చారలు తప్ప ఏమీ మిగల్లేదు.

మొదటి మూడు రోజులూ ఏమీ జరగలేదు. అదే ఈదులవలసవాళ్ళని కుదురుగా ఉండనివ్వలేదు. ఏమీ జరగడం లేదంటే లోలోపల ఏదో జరుగుతోందన్నమాటే కదా! తాళ్ళమెట్ట కమ్మరి ఎల్లాజీ కొలిమి పొద్దస్తమానం పొగ కక్కుతోందని ఏటి గట్టున గేదెల్ని కడుగుతున్నవాడు చూసి చెప్పాడు. నెల్లిమర్ల జూటుమిల్లులో పనిచేసే తాళ్ళమెట్ట కుర్రాళ్ళు అందరూ ఒకేసారి సెలవు పెట్టి వచ్చేశారని ఇంకొకడు చెప్పాడు. నౌపడ స్టేషనులో పొడుగాటి పెట్టె ఒకటి దిగిందనీ, దాన్ని నలుగురు మోశారనీ మూడోవాడు చెప్పాడు. ఆ మూడోవాడు నౌపడ వెళ్ళి ఏడాదయింది. అయినా ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు.

అడగడానికి పోలీసులు కూడా లేరు. అవుట్‌పోస్టులో ఉండే ఇద్దరు కానిస్టేబుళ్ళనీ మన్యం కొండల వైపు గొడవలున్నాయని పంపేశారు. తలుపుకి ఇటుకరాయి అడ్డం పెట్టి ఉంది.

పదేళ్ళుగా తాళ్ళమెట్టలో ఎన్ని బల్లేలున్నాయి అని ఎవరడిగినా అప్పలసూరి ఒక్క మాటే చెప్పేవాడు, "నేవు" అని, అంటే ఒక్కటీ లేదని. అతను చెబితే ఊరు నమ్మేది, ఎందుకంటే అతను కళ్ళతో చూసి వచ్చేవాడు. ఇప్పుడు అదే ప్రశ్న అడిగితే అతను తల గోక్కుంటున్నాడు. తాళ్ళమెట్ట దగ్గరున్నవి నిజానికి సోమవారం నాటి అరవైమూడే అయివుండొచ్చు. కానీ ఊళ్ళో మాటల్లో మాత్రం అవి గురువారానికి వంద, శుక్రవారానికి రెండొందలు అయ్యాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఈదులవలస పెద్ద నరసింగరావునాయుడు కబురంపాడు. ఆరడుగుల మనిషి, అరవై దాటినా గొంతు తగ్గలేదు. అరుగు మీద కూర్చుని చుట్ట పుచ్చుకుని, వెలిగించకుండా వేళ్ళ మధ్య నలుపుతున్నాడు.

"ఒరే అప్పలసూరీ, లంకలో కోతలు మొదలయ్యేయి. ఆళ్ళ దగ్గర ఏటున్నాదో తెలీకుండా మన మనిషిని లంకలో ఎలగ దింపుతాం? రేపు ఎల్లి సూసి రా."

"ఎలగెల్తాను బాబూ? నన్నెవులు సూడనిస్తారు? ఒడంబడికే నేదు గదా."

"సెల్లెలిల్లు ఉన్నాది గదరా. ఏదో ఒకటి మూటకట్టుకుని ఎల్లు. కొలిమి ఒక్కటే కాదు, పశువుల సాలలూ, గడ్డిమేట్లూ, అటకలూ, కంటపడ్డది ఏదీ ఒదలకు. పొడుగ్గా, గోనిలో సుట్టినవి ఏటైనా ఉన్నాయేమో సూడు."

అప్పలసూరికి ఆ మాట ఎక్కడో తగిలింది. బల్లేల్ని గోనెలో చుట్టేవాడు ఎవడూ లేడు. అడుగుదామనుకుని అడగలేదు. నాయుడి మొహంలో ఆ రోజు అడగనిచ్చే కళ లేదు.

శనివారం తెల్లవారాక, అప్పలసూరి పెళ్ళాం కట్టిచ్చిన చిలగడదుంపల మూట భుజాన వేసుకుని రేవుకి నడిచాడు. పదేళ్ళలో అరవైసార్లు ఈ ఏరు దాటి ఉంటాడు. అప్పుడంతా చలవ చేసిన పంచె కట్టి, కండువా వేసుకుని, తల ఎత్తుకుని వెళ్ళేవాడు. తాళ్ళమెట్టవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి "రండి తనికీ బాబూ" అని వేళాకోళం ఆడి, మజ్జిగ ఇచ్చి, తలుపులు తెరిచేవారు. ఈసారి చెల్లెలి పేరు చెప్పుకుని దొంగచూపులు చూడ్డానికి వెళ్తున్నాడు. దుంపల మూట ఇనపగుండులా బరువుగా తోచింది.

పడవ నడిపే పోతురాజు ఒక్కడే రేవులో ఉన్నాడు. రెండు ఊళ్ళదీ కాని మనిషి, ఏటి మనిషి. గెడ నీళ్ళలో గుచ్చి పడవని లోతులోకి తోశాడు.

"ఈ వారం నువ్వే నాకు మొదటి బేరం" అన్నాడు. "ఇటోడు అటెల్తే ఏటి సూసొచ్చేవని తగులుకుంతన్నారు. అటోడు ఇటొస్తే ఏటి సూసెల్లేవని తగులుకుంతన్నారు. పురుటికని బయల్దేరిన మనిషిని గూడా మొన్న మద్దెనుంచి ఎనక్కి తిప్పించేరు. ఏటి బాబూ ఇది? బల్లేలు కొటారులో ఉన్నప్పుడు ఏరు ఇంత ఎడంగా నేదు."

అప్పలసూరి దుంపల మూటని ఒళ్ళోకి లాక్కున్నాడు.

తాళ్ళమెట్ట వీధిలోకి అడుగుపెట్టగానే తేడా తెలిసింది. తలుపులన్నీ ఓరగా వేసి ఉన్నాయి. అతను నడుస్తుంటే ముందర మాటలు ఆగిపోతున్నాయి, దాటాక మళ్ళీ మొదలవుతున్నాయి. ఎల్లాజీ కొలిమి వీధికి ఎదురుగా ఉండేది. వచ్చేపోయేవాళ్ళందరికీ నిప్పులు కనబడేవి. ఇవాళ దానికి అడ్డంగా కొత్త తాటాకు తడిక కట్టి ఉంది. ఆకు ఇంకా పచ్చివాసన పోలేదు. తడిక వెనక సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి, కానీ ఏమీ కనబడటం లేదు. అప్పలసూరి కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. తడిక పక్కన చెక్కపెట్టె మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. అతను అడుగు వేశాడు.

దాలమ్మ వాకిట్లో చేట పట్టుకుని వడ్లు చెరుగుతోంది. అన్నని చూసి చేట కిందపెట్టింది కానీ, ఎప్పటిలా పరిగెత్తుకు రాలేదు.

"ఓలమ్మా, అన్నే! కాళ్ళు కడుక్కో" అని నీళ్ళు తెచ్చింది. మూట అందుకుంది, విప్పింది, దుంప ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది, "అన్నా, నన్ను సూడ్డానికొచ్చేవా, మా ఊరు సూడ్డానికొచ్చేవా?"

అప్పలసూరి కాళ్ళు కడుక్కుంటున్నవాడు చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. తొమ్మిదేళ్ళ కిందట ఈ పిల్లని ఈ ఇంటికి పంపినప్పుడు, "కొటారుకి రెండు తాళాలేసేం గానీ, అసలు తాళం ఇది" అని పంతులుగారు నవ్వారు.

"అలగంటావేటే" అన్నాడు. చెంబు కింద పెట్టేశాడు.

"నాను అనడం కాదు. నువ్వు రేవులో దిగినప్పుడే ఊరంతా అనేసింది" అంటూ ఆమె లోపలికి పోయింది.

జగన్నాధం పెరట్లోంచి వచ్చాడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఒక కనుబొమ పైకెత్తి మాట్లాడే మనిషి. వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమనలేదు.

"ఏటి బావా, కొలిమి సూస్తావా?"

"నానెందుకు..."

"వీధిలో నీ నడక సూసేరంట. నాతో దాపరికం ఎందుకు? పద, సూద్దువుగాని."

చెయ్యి పట్టుకుని మరీ తీసుకుపోయాడు. కుర్రాళ్ళు అడ్డం వస్తే, "తప్పుకోండిరా, నా బావ" అన్నాడు. వాళ్ళు తప్పుకున్నారు కానీ మొహాలు మాడిపోయాయి. తడిక పక్కకి జరిపాడు. లోపల ఎల్లాజీ చెమటలు కక్కుతూ సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. నేలమీద వరసగా కొడవళ్ళు పడున్నాయి. అప్పలసూరి కళ్ళు అలవాటు చొప్పున లెక్క పెట్టేశాయి, పద్నాలుగు. పక్కన నాగలి కర్రులు నాలుగు. కోతల కాలంలో ఏ కొలిమిలోనైనా ఉండేవే. బల్లెం మొన ఒక్కటి లేదు.

"సూసేవా?"

"సూసేను."

"నమ్మేవా?"

అప్పలసూరి వెంటనే అవును అనలేకపోయాడు. అతని చూపు కొలిమి వెనక బొగ్గు పోసిన చాటు మీదికి పోయింది. బొగ్గుల కింద ఏముందో? నేను వస్తున్నానని రేవునుంచి కబురు వస్తే, తీసెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? కొడవళ్ళే అయితే తడిక ఎందుకు?

జగన్నాధం ఆ చూపు పట్టుకున్నాడు.

"అదిగో! నమ్మలేదు. ఒడంబడిక ఉన్న రోజుల్లో నువ్వు ఈ కొలిమి గుమ్మంలో నిలబడి కాసింత పొగాకు నమిలి, లోపలికి తొంగి సూడకుండా ఎల్లిపోయిన రోజులున్నాయి. నేవంటే నేవనేవోడివి. ఇయ్యాల లోపలికి తెచ్చి సూపించేను, నమ్మవు. ఎందుకో తెలుసునా బావా? అప్పుడు సూడ్డం నీ అక్కు. ఇయ్యాల సూపించడం నా దయ. దయకి సూపించిందాని ఎనకాల సూపించనిది ఉంటాదనిపిస్తాది."

"మరి ఈ తడికెందుకు కట్టేరు?"

"మీవోళ్ళు ఏటి గట్టునుంచి సూస్తన్నారని."

"ఆ బొగ్గులు ఓపాలి తీయించు బావా."

"తియ్యను."

"ఏటీ నేకపోతే తియ్యడానికేటి?"

"తీస్తే గడ్డిమేటు పీకమంటావు. అది పీకితే బాయిలో దిగుతానంటావు. ఇంక సాలు." జగన్నాధం తడికని మళ్ళీ యథాస్థానంలో పెట్టేశాడు. "పద, నిన్ను రేవుదాకా దింపుతాను. ఒక్కడివీ ఎల్తే ఈ కుర్రోళ్ళు ఊరుకోరు."

చెల్లెలి చేతి అన్నం తినకుండా ఆ ఊరినుంచి కదలడం అప్పలసూరికి అదే మొదలు. దాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తినిపొమ్మని నోటిదాకా వచ్చిన మాట మొగుడి మొహం చూసి మింగేసింది.

రేవుకి పోయే దారి సరుగుడు తోటలోంచి. తోట మధ్యకి వచ్చాక జగన్నాధం ముందూ వెనకా చూసి ఆగాడు.

"బావా, ఒక మాట సెప్తాను. మూడేళ్ళుగా నా కడుపులో ఉన్నాది. మా ఊళ్ళో ఎవులికీ తెలీదు, నీ సెల్లెలికి గూడా."

అప్పలసూరి చూశాడు.

"మూడేళ్ళ కిందట, ఫాల్గుణంలో తనికీకి వచ్చేను. మీ నాయుడి పశువుల సాల అటక సూస్తానన్నాను. నిచ్చెన నువ్వే పట్టుకున్నావు. గ్యాపకం ఉన్నాదా?"

ఉంది. ఎండలో నిచ్చెన పట్టుకుని నిలబడటం, పైనుంచి గడ్డి పరకలు మొహం మీద పడటం, జగన్నాధం దిగి వచ్చి "గడ్డే బావా" అనడం, ఆ పూట తన ఇంట్లో భోంచేస్తూ ఒక్క మాటా మాట్లాడకపోవడం, అన్నీ ఉన్నాయి. ఎండదెబ్బ అనుకున్నాడు అప్పుడు.

"గడ్డి కాదు. గడ్డి ఎనకాల గోనిలో సుట్టి తుపాకులున్నాయి. ఐదు. గొట్టాలు లెక్కెట్టేను. లైసెన్సువి కావు, అవి గోడకే ఉన్నాయి."

"అబద్ధం!"

"అబద్ధమైతే నాకేటి లాభం? అప్పుడే దిగొచ్చి అరిస్తే లాభం. అరవలేదు."

"ఎందుకరవలేదు?" అప్పలసూరి అతని భుజం పట్టుకున్నాడు.

"అరిస్తే ఆ పూటే ఒడంబడిక తెగిపోయేది. మావోళ్ళు గూడా అంతకంత దాచేసేవోరు. అలోసించేను బావా. ఆ ఐదూ మీ నాయుడు బైటికి తియ్యగలడా? తీస్తే రెండు ఊళ్ళ ముందూ దొంగవుతాడు. పేల్చగలడా? పేలిస్తే ఎక్కడివీ అని పంతులుగోరే అడుగుతారు. ఒడంబడిక బతికున్నంతకాలం ఆ ఐదు తుపాకులూ ఐదు కర్రలు. సోమవారం పొద్దున్న మనం కొటారు తాళాలు తీసేం సూడు, అప్పుడు అవి తుపాకులైపోయేయి. ఎవుడూ కొత్తగా ఏటీ సెయ్యనక్కర్నేదు. మీ అరవైమూడూ మా అరవైమూడూ సమానమని బళ్ళకెక్కించుకున్నాం. సమానం కాదు."

గాలికి సరుగుడు చెట్లు ఈల వేసినట్టు శబ్దం చేస్తున్నాయి. అప్పలసూరి ఒక మాను ఆనుకుని అడిగాడు.

"తెలిసి తెలిసీ మరి తిరగరాయనన్నారెందుకు?"

"నానొక్కణ్ణీ రాద్దామంటే వింటారా? ఎందుకంటే సెప్పాలి గదా. సెప్తే నెల్లిమర్లనుంచొచ్చిన ఈ కుర్రోళ్ళు రేపే పర్లాకిమిడి పోయి, పది కొనుక్కొస్తారు. మీరు పదిహేను కొంటారు. అందుకే నీకు సెప్తన్నాను. ఎల్లి సూడు. నేకపోతే నాను అబద్ధికుణ్ణి, నీ సెల్లెల్ని తీసుకుపో. ఉంటే, పున్నం లోపు వాటిని పంతులుగోరి దగ్గిరికి సేర్పించు. అప్పుడు నానూ మావోళ్ళకి నచ్చజెప్పి, రాయడానికి కూకుంతాను. పున్నం దాటితే నా నోరు నాను కట్టుకోలేను."

రేవులో పడవెక్కించి, జగన్నాధం వెనక్కి ఊళ్ళోకి పోలేదు. గట్టు వెంబడి నడిచి, మోకాళ్ళలోతు నీళ్ళలో దిగి, నడిలంక వైపు దాటుతూ కనిపించాడు. తాళ్ళమెట్ట కోత కూలీలు ఆ పూట లంకలో దిగారు.

పడవ దాటుతున్నంతసేపూ అప్పలసూరి బుర్రలో రెండు మాటలు కొట్టుకున్నాయి. బావ నిజం చెబుతున్నాడు. బావ నన్ను నా ఊరి మీదికే ఉసిగొల్పుతున్నాడు. ఒకటి గెలిచిందనుకునేలోపు రెండోది లేచేది. నిజమైతే, పదేళ్ళు ఊరి పరువు నా నెత్తిన పెట్టుకుని అవతలి ఊళ్ళో తలెత్తుకు తిరిగిన నేను ఎవరిని? దొంగసరుకు మీద కప్పిన గడ్డినా?

నరసింగరావు అరుగు మీదే ఉన్నాడు. అప్పలసూరి గుమ్మం ఎక్కకముందే అడిగాడు.

"ఏటి సూసేవు?"

"కొడవళ్ళు. పద్నాలుగు. కర్రులు నాలుగు."

"నీకు సూపించాల్సింది సూపించేరు. గోనిలో సుట్టినవి?"

"నేవు."

"సరిగ్గా సూసేవా? జగన్నాధం సాలలో? ఆడి అటక మీద?"

అప్పలసూరి భుజం మీది తువ్వాలు తీసి, పనికి దిగేవాడిలా నడుముకి బిగించాడు. ముప్పై ఏళ్ళలో నాయుడి ముందు అలా ఎప్పుడూ చెయ్యలేదు.

"ఆడి అటక కాదు బాబూ. మీ అటక సూస్తాను."

నాయుడి వేళ్ళ మధ్య చుట్ట ఆగింది. "ఏటన్నావు?"

"పదేళ్ళు పరాయి అటకలు ఎక్కేను. మనది ఒక్కపాలీ ఎక్కలేదు. ఇయ్యాల ఎక్కుతాను. కాదంటే ఆపండి."

కేకలేస్తాడనుకున్నాడు. చెయ్యి చేసుకున్నా చేసుకుంటాడనుకున్నాడు. నరసింగరావు అలా చూసి చూసి, "ఎక్కు" అన్నాడు. ఆ ఒక్క మాటా గొంతులోంచి నీరసంగా వచ్చింది.

నిచ్చెన అదే. అప్పలసూరి పైకెక్కి, గడ్డి పక్కకి తోశాడు. గోనెపట్టా ఉంది. నూనె వాసన ఉంది. దుమ్ములో పొడుగ్గా, పక్కపక్కనే, దుమ్ము పట్టని చారలున్నాయి. తుపాకులు లేవు.

బావ చెప్పింది నిజం. అప్పలసూరి అటక మీదే చతికిలబడ్డాడు. కొంతసేపటికి కిందికి చూశాడు. నిచ్చెన మొదట్లో నరసింగరావు నిలబడి, చంటిపిల్లాడిలా పైకి చూస్తున్నాడు.

"నేవు కదూ?" అన్నాడు నాయుడు. "మంగళారం సూసుకున్నాను. నేవు. ఎవుడితో సెప్పుకోను? పోలీసులకి సెప్పనా? ఊరికి సెప్పనా? ఉన్నాయని సెప్తే గదా పోయేయని సెప్పడం!"

అప్పుడర్థమయింది అప్పలసూరికి. కొలిమి పొగ వంక మాత్రమే. నాయుడు అతన్ని పంపింది తన తుపాకుల్ని వెతకడానికి.

"బాబూ, నన్నెంత దగా సేసేరు..." గబగబా దిగాడు. "అవతలోళ్ళు నా మాట నమ్మేరు. నా మొహం సూసి నమ్మేరు."

"మాటలు తరవాత. ఆ అటక సంగతి ఆళ్ళకెలగ తెలుసును? ఎవుడు సెప్పేడు నీకు? జగన్నాధమా? అయితే ఆడే పట్టుకుపోయేడు! తీసుకుపోయి, తీసుకుపోనట్టు నీకు కతలు సెప్పేడు!"

ఆ అటక మీద తుపాకులున్నాయని తెలిసిన బయటివాడు ఒక్కడే. అతను సరుగుడు తోటలో ఎంత నెమ్మదిగా, ఎంత నమ్మకంగా మాట్లాడాడు! బొగ్గులు మాత్రం తియ్యనన్నాడు. పున్నం దాకా గడువు ఎందుకడిగాడు? తడిక వెనక...

"ఆడు తియ్యలేదు. నాను తీసేను."

ఇద్దరూ తిరిగి చూశారు. సాల గుమ్మంలో నాయుడి భార్య జగ్గమ్మ నిలబడి ఉంది. చేతిలో కుడితి కుండ. దాన్ని గేదె ముందు పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. యాభై ఎనిమిదిలో లంకనుంచి మోసుకొచ్చిన రెండు శవాల్లో ఒకటి ఈమె పెద్దకొడుకు. ఆ తర్వాత ఆమె గొంతు వీధిలోకి వినబడటం ఎవరూ ఎరగరు.

"నువ్వా?" నాయుడు నోరు తెరిచాడు.

"నానే. సోమవారం కొటారు తాళాలు తీసేరని తెలిసిన పూటే. మీరు బల్లేలు దింపించుకుంతన్నప్పుడు అందరూ వీధి గుమ్మంలో ఉన్నారు. నాను గడ్డిమోపులో ఎట్టి పెరటి దారిన మోసుకుపోయేను, రెండు మోపులు. ఎక్కడున్నాయో సెప్పను. సంపినా సెప్పను. మీరూ, అవతలోళ్ళూ, పంతులుగోరి ముందు కూకుని మళ్ళీ రాసుకోండి. గోడమీద ఆ రెండు గూడా కొటారులో పడెయ్యండి, అదే గదా ఆళ్ళ బాద. అప్పుడు సెప్తాను. అందాకా నానే కొటారు."

నరసింగరావు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె కదల్లేదు. ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

అప్పలసూరి వంగి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. జగ్గమ్మ వెనక్కి జరిగింది.

"నాకెందుకురా దండాలు. ఎల్లి నీ బావకి సెప్పు. అటక కాళీ అని సెప్పు. నాలుగూ మంచి సోటే ఉన్నాయని సెప్పు."

"ఐదమ్మా" అన్నాడు అప్పలసూరి, తప్పు దిద్దుతున్నట్టు.

"నాలుగు."

"ఐదే" అన్నాడు నాయుడు. "నా సేతుల్తో ఎట్టేను."

"నాను మోసింది నాలుగు. మోపుకి రెండు. గోనిలో ఉన్నవే నాలుగు."

జగ్గమ్మ మొహంలో రంగు మారడం అప్పలసూరి చూశాడు. ఆమె పెదవులు కదిలాయి.

"నూకయ్య..."

నూకయ్య ఆమె తమ్ముడు. అక్క ఇంట్లోనే పెరిగి, అక్క కొడుకుతో కలిసి తిరిగి, యాభై ఎనిమిదిలో ఆ కుర్రాడి పక్కనే నిలబడి, బతికి వచ్చినవాడు. బతికి వచ్చినందుకు తనని తను ఎన్నడూ క్షమించుకోనివాడు.

"ఇయ్యాల మద్దినేళ సద్ది కట్టించుకున్నాడు. లంకలో మన సేను కాపలాకెల్తానన్నాడు. గొంగడి సుట్టి సంకనెట్టుకున్నాడు. ఇంతెండలో గొంగడెందుకురా అన్నాను. నవ్వేడు." ఆమె సాల గుంజ పట్టుకుంది. "ఆడు నవ్వి పదేళ్ళయింది బాబూ."

మోకాళ్ళలోతు నీళ్ళలో లంక వైపు దాటుతున్న జగన్నాధం వీపు అప్పలసూరి కళ్ళకి కట్టింది. అతను ఇంకేమీ వినలేదు. చెప్పులు సాలలోనే వదిలేసి, వీధంతా ఒకటే పరుగు. ఎవరో పిలుస్తున్నారు, ఏమైందని అడుగుతున్నారు. గట్టెక్కి రేవులోకి చూశాడు.

ఎండ ఇంకా నీళ్ళమీద తళతళలాడుతోంది. లంకలో వంగి కోస్తున్నవాళ్ళ తలపాగాలు చిన్న చిన్న చుక్కల్లా కనబడుతున్నాయి. పడవ లేందే దాటలేనంత లోతున్న ఇవతలి రేవు ఖాళీగా ఉంది. పోతురాజు పడవ అవతలి ఒడ్డున ఉంది.